రెండు రోబోలు, ఒక ఇరుకు సందు: బహుళ ఏజెంట్ల వ్యవస్థకు స్పెక్ రాసి సరిచూడడం ఎలా

గోదాంలో సరుకు మోసే రోబోలు రెండున్నాయి. ఒకటి తూర్పు వైపు నుంచి వస్తుంది, ఇంకొకటి పడమర వైపు నుంచి. మధ్యలో అల్మారాల నడుమ ఇరుకు సందు, అందులో ఒకసారికి ఒక్కటే పడుతుంది. రెండింటికీ పైన ఉండి ఆజ్ఞలిచ్చే కేంద్రం లేదు. ఒకదానితో ఒకటి మాట్లాడుకుని అవే సర్దుకోవాలి. అవి ఎప్పుడూ గుద్దుకోవనీ, ఏదీ శాశ్వతంగా ఆగిపోదనీ పూచీ పడాలంటే మీరు ఏం చేయాలి?

వారం రోజులు నడిపి చూస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు, ఎందుకో లెక్కే చెబుతుంది. ఇద్దరు ఏజెంట్లు, అంటే ఈ రోబోల్లా సొంతంగా నిర్ణయించుకుని కదిలేవి, చెరో పది అడుగులు వేస్తే, ఆ అడుగులు ఒకదాని మధ్యలో ఒకటి దూరగల వరుసలు 1,84,756. మూడో ఏజెంటు చేరితే ఆ సంఖ్య సుమారు 5 లక్షల 55 వేల కోట్లకు చేరుతుంది. మీ పరీక్షలో వచ్చేవి అందులో పిడికెడు వరుసలు. ప్రమాదం తెచ్చే వరుస సాధారణంగా ఆ పిడికెడులో ఉండదు. అందుకే ఈ పనికి మోడల్ చెకర్ కావాలి. మీరు రాసిన నమూనాలో సాధ్యమయ్యే ప్రతి స్థితినీ అది వదలకుండా చూస్తుంది.

వ్యవస్థ ఎలా నడవాలో కచ్చితంగా రాసిపెట్టే రాతను స్పెక్ అంటారు. దాన్ని రాసి సరిచూసే ఈ పద్ధతి రోబోలకే కాదు. బ్యాంకు సర్వర్లకు, డ్రోన్లకు, ఇప్పుడు అందరూ కడుతున్న భాషా మోడల్ ఏజెంట్లకు కూడా ఇదే వరుస. రెండు రోబోల ఉదాహరణ ఎంచుకోవడానికి కారణం, దాని స్థితులన్నీ కాగితం మీద చేత్తో లెక్కపెట్టి చూసుకోవచ్చు. చెకర్ చెప్పింది నిజమో కాదో మీకు మీరే తేల్చుకోగలుగుతారు.

మొదటి అడుగు: కంప్యూటర్ తెరవకముందు నాలుగు ప్రశ్నలు

కాగితం తీసుకుని వీటికి జవాబులు తెలుగులోనే రాయండి. ఏజెంట్లు ఎవరెవరు? ఒక్కొక్కటి ఏం చూడగలదు? ఏం చేయగలదు? ఎదుటివాటి గురించి ఏం నమ్ముతోంది?

నాలుగో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. ఒక్క ప్రోగ్రాంను సరిచూడడానికీ బహుళ ఏజెంట్లను సరిచూడడానికీ అసలు తేడా అక్కడే ఉంది. "ఎదుటి రోబో సందులోకి వెళ్తే ఎప్పటికో అప్పటికి బయటికి వస్తుంది" అన్నది ఒక నమ్మకం. "నేను పంపిన సందేశం తప్పక చేరుతుంది" అన్నది ఇంకొకటి. ఇవి రాయకపోతే అవి కోడ్‌లో ఎక్కడో దాక్కుని ఉంటాయి, ఎవరూ వాటిని ప్రశ్నించరు. నా అనుభవంలో ఈ పనిలో సగం విలువ ఈ కాగితం దగ్గరే దొరుకుతుంది. ఇద్దరు ఇంజినీర్లు పక్కపక్కన కూర్చుని రాస్తే, వాళ్ల మనసుల్లో ఉన్నవి రెండు వేరు వ్యవస్థలని పది నిమిషాల్లో బయటపడుతుంది.

పర్యావరణాన్ని కూడా ఏజెంటుగానే రాయండి. వైఫై, బ్యాటరీ, సందులోకి అడ్డంగా నడిచొచ్చే మనిషి, ఇవన్నీ మీ మాట వినని ఏజెంట్లు.

రెండో అడుగు: స్థితులు, అడుగులు

ఇప్పుడు ఒక్కో రోబోకి స్థితులు పెట్టండి. మన మొదటి ఆలోచన సాదాసీదాగా ఉంటుంది: సందులో ఎవరూ లేరని చూసుకుని లోపలికి వెళ్లాలి. దీనికి మూడు స్థితులు చాలు. బయట, చూసింది, లోపల. అడుగులూ మూడే:

చూడు: నేను బయట ఉన్నాను, ఎదుటిది లోపల లేదు, కాబట్టి "చూసింది"కి మారతాను.
వెళ్లు: "చూసింది" నుంచి "లోపల"కి మారతాను.
రా: "లోపల" నుంచి "బయట"కి మారతాను.

రోబో బరువు, వేగం, చక్రాల మలుపు, సరుకు పెట్టె ఏదన్నది, ఏవీ ఇందులో లేవు. ఉండకూడదు. గుద్దుకోవడం అనే ప్రశ్నకు అక్కర్లేనిదంతా తీసేయండి.

తీసేయకూడనిది ఒకటుంది. చూడడం, వెళ్లడం రెండు వేర్వేరు అడుగులుగానే ఉండాలి. కొత్తగా రాసేవారు "ఎవరూ లేకపోతే వెళ్లు" అని ఒకే అడుగుగా రాసేస్తారు. అలా రాస్తే మోడల్‌లో ఆ రెండు పనుల మధ్య ఎదుటి రోబో కదలదు. నిజమైన రోబోలో సెన్సర్ చదవడానికీ చక్రం తిరగడానికీ మధ్య కొన్ని మిల్లీసెకన్లు ఉంటాయి, ఆ సమయంలో ప్రపంచం ఆగదు. మోడల్ తప్పు లేదని చెబుతుంది, గోదాంలో రోబోలు గుద్దుకుంటాయి. కాబట్టి ఏ పని విడదీయరానిదో, ఏ పని మధ్యలో ఇంకొకరు దూరగలరో ప్రతి అడుగుకీ అడగండి. అనుమానం వస్తే విడదీయండి.

మూడో అడుగు: కోరుకునేదాన్ని కాలంతో కలిపి రాయడం

ప్రోగ్రాం ప్రవర్తనను కాలంతో కలిపి చెప్పడానికి తర్కం వాడవచ్చని 1977లో అమీర్ ప్నుయేలీ చూపించారు. 1996లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది ప్రధానంగా ఆ పనికే. మీకు మొదట రెండు గుర్తులు చాలు. □ అంటే ఎప్పుడూ, ప్రతి స్థితిలోనూ. ◇ అంటే ఎప్పటికో అప్పటికి, ఇకపై ఏదో ఒక స్థితిలో. మిగతావి మామూలు తర్కం గుర్తులే: ¬ అంటే కాదు, ∧ అంటే రెండూ నిజం, → అంటే ఇది నిజమైతే అది.

సేఫ్టీ, అంటే చెడు జరగకూడదు:
□ ¬(తూర్పు లోపల ∧ పడమర లోపల)

లైవ్‌నెస్, అంటే మంచి ఆగిపోకూడదు:
□ (తూర్పు అడిగింది → ◇ తూర్పు లోపల)
పడమరకి కూడా ఇలాంటిదే ఒకటి.

రెండూ రాయాలి. సేఫ్టీ ఒక్కటే రాస్తే, రెండు రోబోలూ కదలకుండా నిలబడినా అది నెరవేరుతుంది. లైవ్‌నెస్ ఒక్కటే రాస్తే గుద్దుకుంటూ వెళ్లినా నెరవేరుతుంది.

బ్రాకెట్ల విషయంలో జాగ్రత్త. □ బ్రాకెట్ బయట ఉంటే "ఎప్పుడు అడిగినా, ఆ తర్వాత దొరుకుతుంది" అని అర్థం. బ్రాకెట్ మరచి □ అడిగింది → ◇ లోపల అని రాస్తే "అది ఎడతెగకుండా అడుగుతూనే ఉంటే, ఒక్కసారి దొరుకుతుంది" అనే బలహీనమైన వాక్యం మిగులుతుంది. అలాగే □◇, ◇□ ఒకటి కావు. మొదటిది మళ్లీమళ్లీ జరుగుతూ ఉంటుందని, రెండోది ఒక దశ దాటాక ఇక ఎప్పటికీ అలాగే ఉండిపోతుందని. రోబో మళ్లీమళ్లీ చార్జింగ్‌కి రావాలి అన్నది □◇. ఏదో ఒక రోజు నుంచి చార్జింగ్ దగ్గరే ఉండిపోవాలి అన్నది ◇□. ఈ తేడాను గోదాం మేనేజరుకు తెలుగులో చదివి వినిపించండి. ఆయన ఏది కోరుకుంటున్నారో వెంటనే చెబుతారు.

ఇంకో మాట. ◇ లో గడువు లేదు. పదేళ్ల తర్వాత దొరికినా ◇ నిజమే. మీకు ముప్పై సెకన్ల గడువు కావాలంటే గడియారాలున్న పనిముట్టు, ఉదాహరణకు అప్సాలా, ఆల్‌బర్గ్ విశ్వవిద్యాలయాలు కలిసి చేసిన అప్పాల్ వాడాలి. చాలా సందర్భాల్లో సెకన్లు అక్కర్లేదు, "నేను అడిగాక ఎదుటిది నాకంటే ముందు ఎక్కువలో ఎక్కువ ఒక్కసారి వెళ్లవచ్చు" అన్న లెక్క చాలు. అది సేఫ్టీ వాక్యమే కాబట్టి సరిచూడడం సులభం.

నాలుగో అడుగు: చెకర్‌కి ఇవ్వండి, వచ్చిన ట్రేస్ చదవండి

పనిముట్టు ఎంపిక గురించి ఎక్కువ ఆలోచించకండి. మొదటిసారైతే లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్ఏ ప్లస్, దానితో వచ్చే టీఎల్‌సీ చెకర్ తీసుకోండి. ఉచితం, జావా ఉంటే నడుస్తుంది, వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది. సందేశాలు పంపుకునే ప్రక్రియలుగా ఆలోచించడం మీకు అలవాటైతే బెల్ ల్యాబ్స్‌లో జెరార్డ్ హోల్జ్‌మన్ తయారుచేసిన స్పిన్ బాగుంటుంది. సంభావ్యతలు కావాలంటే ప్రిజమ్ అనే చెకర్ ఉంది.

మన మొదటి మోడల్‌ను నడిపితే చెకర్ సేఫ్టీ తప్పిందని చెప్పి ఈ ట్రేస్, అంటే తప్పు దాకా నడిచిన స్థితుల వరుస, ఇస్తుంది:

1. తూర్పు బయట, పడమర బయట.
2. తూర్పు చూసింది, పడమర బయట.
3. తూర్పు చూసింది, పడమర చూసింది.
4. తూర్పు లోపల, పడమర చూసింది.
5. తూర్పు లోపల, పడమర లోపల.

మూడో వరుస దగ్గర ఆగండి. పడమర చూసినప్పుడు తూర్పు ఇంకా లోపల లేదు, కాబట్టి పడమర నియమం తప్పలేదు. నాలుగో వరుసలో తూర్పు కూడా తప్పలేదు, అది చూసిన నిమిషానికి సందు ఖాళీయే. ఏ ఏజెంటూ విడిగా తప్పు చేయలేదు, రెండూ కలిసిన చోట తప్పుంది. ఒక్కో రోబో కోడ్‌ను విడివిడిగా ఎంత సమీక్షించినా ఇది కనిపించదు. ఈ మోడల్‌లో సాధ్యమైన స్థితులు మొత్తం తొమ్మిది, తొమ్మిదింటికీ చేరుకోవచ్చు, ఆ తొమ్మిదోదే ప్రమాదం.

ట్రేస్ చదివేటప్పుడు చివరి వరుస నుంచి వెనక్కి రండి. ప్రతి వరుస దగ్గర "ఇక్కడ ఇంకెలా జరిగి ఉంటే బాగుండేది" అని అడుగుతూ, వెనక్కి తిరగడానికి వీలున్న ఆఖరి స్థితిని పట్టుకోండి. మన ట్రేస్‌లో అది నాలుగో వరుస. అక్కడ తూర్పు ముందు బయటికి వచ్చేస్తే ప్రమాదం తప్పుతుంది, పడమర ముందు వెళ్తే తప్పదు, ఏది ముందో మన నియమాలు చెప్పవు.

చూసి, ఆ తర్వాత పని చేసే ఈ తీరు అంతరిక్షంలో కూడా దెబ్బతీసింది. నాసా 1998 అక్టోబరులో పంపిన డీప్ స్పేస్ 1 నౌకలో రిమోట్ ఏజెంట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, నౌకను తనంతట తాను నడిపే ప్రయోగం కోసం. 1997లోనే పరిశోధకులు దానిలో పనులను అమలుచేసే భాగానికి స్పిన్‌లో మోడల్ రాసి ఐదు లోపాలు పట్టుకున్నారు. వాటిలో ఒకటి ఇది: కొత్త సంఘటన ఏదీ లేదని చూసుకుని పని నిద్రలోకి వెళ్తుంది, చూడడానికీ నిద్రపోవడానికీ మధ్య సంఘటన వస్తే ఇక లేపేవారు ఉండరు. దాన్ని సరిచేశారు. 1999 మేలో నౌక ఎగురుతుండగా రిమోట్ ఏజెంట్ డెడ్‌లాక్ అయింది, అంటే ఎటూ కదలలేక ఆగిపోయింది. కారణం సరిగ్గా అదే తీరు లోపం, కాకపోతే మోడల్ రాసి చూడని వేరే భాగంలో. మీ వ్యవస్థలో ఒక చోట ఒక ట్రేస్ దొరికితే, అదే ఆకారం ఇంకెక్కడుందో కోడంతా వెతకడం ఆ రోజే చేయాల్సిన పని.

ఐదో అడుగు: సరిచేయండి, మళ్లీ నడపండి, మళ్లీ సరిచేయండి

సహజంగా తట్టే మరమ్మతు వరుస మార్చడం. ముందు నేను వస్తున్నానని జెండా ఎత్తాలి, తర్వాత ఎదుటి జెండా చూడాలి. స్థితులు: బయట, జెండా, లోపల. ఎదుటిది పూర్తిగా బయట ఉంటేనే లోపలికి వెళ్లాలి.

నడిపితే సేఫ్టీ నిలబడుతుంది. చేరగల స్థితులు ఎనిమిది, రెండూ లోపల ఉన్న తొమ్మిదో స్థితికి దారి లేదు. సంతోషపడేలోపే చెకర్ డెడ్‌లాక్ అంటుంది, రెండే అడుగుల్లో: తూర్పు జెండా ఎత్తింది, పడమర జెండా ఎత్తింది. ఒకదానికోసం ఒకటి ఆగి ఉన్నాయి, ఎవరికీ కదిలే అడుగు లేదు.

దీనికి మందు 1981లో గ్యారీ పీటర్సన్ ప్రచురించిన చిన్న ఆల్గరిథమ్. జెండాతో పాటు "వంతు" అనే ఒక విలువ ఉంచండి. జెండా ఎత్తేటప్పుడు వంతును ఎదుటిదానికి ఇచ్చేయాలి. ఎదుటిది బయట ఉన్నా, వంతు నాదైనా లోపలికి వెళ్లవచ్చు. రెండూ దాదాపు ఒకేసారి జెండా ఎత్తితే, ఆఖరున ఎత్తినది వంతు వదులుకున్నట్టే, కాబట్టి ముందు ఎత్తినది వెళ్తుంది.

జెండా ఎత్తడం, వంతు ఇవ్వడం ఒకే అడుగని అనుకుంటే చేరగల స్థితులు పది. కాగితం మీద గీసి చూడండి, పావుగంట పని. పదింటిలో ఎక్కడా రెండూ లోపల లేవు, ఎక్కడా డెడ్‌లాక్ లేదు. నేను అడిగాక ఎదుటిది నన్ను దాటి ఒక్కసారికి మించి వెళ్లలేదన్నది కూడా ఆ బొమ్మలోనే కనిపిస్తుంది. అది గీశాక ఆ రెండు పనుల్నీ రెండు అడుగులుగా విడదీసి మళ్లీ నడపండి. జెండా ముందు, వంతు తర్వాత అయితే నిలబడుతుంది. వరుస తారుమారు చేస్తే ఏమవుతుందో చెకర్‌ని అడగండి, గుద్దుకునే ట్రేస్ మీ చేతికొస్తుంది.

ఆరో అడుగు: ఫెయిర్‌నెస్ రాయండి, కానీ తూచి రాయండి

ఇప్పుడు లైవ్‌నెస్ వాక్యాన్ని నడిపితే మళ్లీ తప్పు వస్తుంది. ట్రేస్ వింతగా ఉంటుంది: పడమర సందులోకి వెళ్లింది, తూర్పు జెండా ఎత్తింది, ఇక ఎవరూ ఏమీ చేయలేదు, అలాగే ఎప్పటికీ. చెకర్ చెప్పేది సబబే. "అడుగు వేయగలిగితే వేస్తుంది" అని మీరు ఎక్కడా రాయలేదు.

ఫెయిర్‌నెస్ రాయడమంటే అదే. ఒక అడుగు ఎడతెగకుండా వీలవుతూ ఉంటే అది ఎప్పటికో అప్పటికి పడుతుందని చెప్పడం బలహీన ఫెయిర్‌నెస్. మన మోడల్‌కి "వెళ్లు", "రా" అడుగులకు అది చాలు. "జెండా ఎత్తు" అడుగుకి మాత్రం పెట్టకండి. పెడితే ప్రతి రోబో తప్పనిసరిగా మళ్లీమళ్లీ సందు కోరుకుంటుందని చెప్పినట్టవుతుంది. పని లేని రోబో ఊరికే నిలబడ్డా ఇంకొకటి ఆగిపోకూడదు, మనకు కావాల్సింది ఆ పూచీ.

ఫెయిర్‌నెస్ ప్రతి వాక్యమూ మీరు ఎవరికో ఇస్తున్న మాట. "రా" అడుగుకి ఫెయిర్‌నెస్ అంటే సందులో రోబో ఎప్పటికీ చెడిపోదని. నిజంగా చెడిపోదా? బ్యాటరీ అయిపోదా? అలా చెప్పలేకపోతే "చెడింది" అనే స్థితి చేర్చి, లైవ్‌నెస్‌ను షరతుతో రాయండి: సందులో ఏ రోబో చెడకుండా ఉంటే, అడిగినదానికి సందు దొరుకుతుంది. ఈ షరతును మొదటి అడుగులో రాసిన కాగితం మీదికి చేర్చి, దాన్ని నిలబెట్టే బాధ్యత ఎవరిదో, మరమ్మతు బృందానిదా, బ్యాటరీ హెచ్చరిక సాఫ్ట్‌వేర్‌దా, పక్కనే రాయండి.

ఏడో అడుగు: తప్పు లేదని వస్తే అనుమానించండి

చెకర్ పచ్చజెండా ఊపిన రోజే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. అడిగితే దొరుకుతుంది అన్న వాక్యం, ఎవరూ ఎప్పుడూ అడగకపోయినా నిజమే అవుతుంది. మోడల్‌లో పొరపాటున ఒక అడుగు మూసుకుపోయి ఉంటే అన్ని వాక్యాలూ నెగ్గేస్తాయి.

అందుకే రెండు పనులు చేయండి. ఒకటి, కావాలని అబద్ధపు వాక్యాలు ఇవ్వండి. "తూర్పు ఎప్పుడూ లోపలికి వెళ్లదు" అని ఇస్తే చెకర్ కాదనాలి, వెళ్లిన ట్రేస్ చూపించాలి. ప్రతి ముఖ్యమైన స్థితికీ ఇలా చేయండి. రెండు, మోడల్‌ను కావాలని పాడు చేయండి. వంతు చూడడం తీసేయండి, జెండా దించడం మరిచిపోయేలా రాయండి. ఏదో ఒక వాక్యం విరగాలి. ఏదీ విరగకపోతే ఆ భాగాన్ని మీ వాక్యాలు కాయడం లేదు, కొత్త వాక్యం రాయాలి.

ఎనిమిదో అడుగు: ఎవరు ఎవరిని నమ్ముతున్నారో తేల్చండి

ఇంతవరకూ రెండు రోబోలూ మనవే. రేపు పడమర రోబో వేరే కంపెనీది అయితే? అప్పుడు "అన్ని నడతల్లోనూ" అన్న ప్రశ్న సరిపోదు, "ఎదుటిది ఏం చేసినా మనం సాధించగలమా" అని అడగాలి. ఇలా అడగడానికి రాజీవ్ ఆలూర్, థామస్ హెన్జింగర్, ఓర్నా కుప్ఫర్‌మన్ 1997లో ఒక తర్కం ప్రతిపాదించారు, దాన్ని ఏటీఎల్ అంటారు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో తయారైన ఎంసీమాస్ అనే చెకర్ ఈ తరహా ప్రశ్నలను సరిచూస్తుంది.

పడమర ఏ నియమమూ పాటించదని అనుకుని మూడు ప్రశ్నలు వేయండి. తూర్పు ఒక్కటే, పడమర ఏం చేసినా, గుద్దుకోకుండా ఉండగలదా? ఉండగలదు, సందులోకి అడుగే పెట్టకుండా. తూర్పు ఒక్కటే గుద్దుకోకుండా సందు దాటగలదా? దాటలేదు, అది లోపల ఉండగా పడమర దూరవచ్చు. రెండూ కలిసి సహకరిస్తే? దాటగలవు. ఈ మూడు జవాబులూ కలిపితే, ఎదుటి కంపెనీతో ఒప్పందంలో ఏ నియమం రాతపూర్వకంగా ఉండాలో తెలుస్తుంది.

తెలియడం గురించి కూడా అడగవచ్చు. ఒక ఏజెంటుకు ఒక విషయం తెలుసు అంటే, దానికి ఇప్పుడు కనిపిస్తున్నది ఏఏ స్థితుల్లో ఇలాగే కనిపిస్తుందో, చేరగల ఆ స్థితులన్నింటిలోనూ ఆ విషయం నిజమే కావాలి. మన పది స్థితుల్లో తూర్పు లోపల ఉన్నవి రెండే: పడమర బయట ఉండి వంతు పడమరది కావడం, పడమర జెండా ఎత్తి వంతు తూర్పుది కావడం. రెండింటిలోనూ పడమర లోపల లేదు, కాబట్టి తాను ఒంటరినని తూర్పుకి తెలుసు. పడమర కాచుకుని ఉందో లేదో? తన స్థితి ఒక్కటే చూస్తే తెలియదు. వంతు విలువ కూడా చూస్తే తెలుస్తుంది. రోబోకి ఏ సమాచారం ఇస్తే ఏ నిర్ణయం తీసుకోగలదో డిజైన్ దశలోనే తేల్చడానికి ఇంతకంటే నేరైన పద్ధతి నేను చూడలేదు.

సందేశాలు పోయే అవకాశం ఉంటే కథ మారుతుంది. జెండా, వంతు రెండూ ఇద్దరికీ ఎప్పుడూ కనిపిస్తాయని పీటర్సన్ పద్ధతి అనుకుంటుంది, వైఫై మీద అది నిజం కాదు. దారిలో ఉన్న సందేశాల సంచిని మోడల్‌లో ఒక విలువగా పెట్టి, "సందేశం పోయింది" అనే అడుగు కూడా చేర్చండి. సందేశాలు పోగల చోట ఒక విషయం ఇద్దరికీ తెలుసని ఇద్దరికీ తెలుసని... ఇలా చివరంటా సాగే ఉమ్మడి తెలివిడి కుదరదని జోసెఫ్ హాల్పర్న్, యోరమ్ మోసెస్ నిరూపించారు. కాబట్టి కబురు రాకపోతే ఏం చేయాలో మీరే ముందుగా ఎంచుకోవాలి. మనుషుల ప్రాణాలున్న చోట ఎంపిక ఒకటే, ఆగిపోవడం. ఒంటి లైను రైలు మార్గాల్లో డ్రైవరు చేతికి టోకెన్ రాకుండా బండి ముందుకు కదలకూడదన్న పాత నియమం ఈ ఎంపికే. రైళ్లు గుద్దుకోకుండా కాపాడడానికి దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షలు జరుపుకుని ఎదిగిన కవచ్ లాంటి వ్యవస్థల్లో ఇంజను, స్టేషను రేడియోలో మాట్లాడుకుంటాయి. అలాంటి చోట "కబురు రాలేదు" అన్నది అరుదైన మినహాయింపు కాదు, స్పెక్‌లో మొదటి రోజు నుంచీ ఉండాల్సిన అడుగు.

తొమ్మిదో అడుగు: స్థితులు పేలిపోయినప్పుడు

రోబోలు ఆరు, ఒక్కోదానికి ఇరవై గళ్లు అనుకోండి. స్థానాలే 6 కోట్ల 40 లక్షల కలయికలు. ఒక్కోదానికి నాలుగు దిక్కులు చేరిస్తే 26 వేల కోట్లు దాటుతుంది. పెద్ద కంప్యూటర్ తెచ్చే ముందు మోడల్ తగ్గించండి. సందుకి ఇరవై గళ్లు ఎందుకు? ముందు, లోపల, తర్వాత, మూడు చాలేమో. ఒకేలాంటి రోబోలను ఒకదాని స్థానంలో ఒకటి మార్చినా తేడా లేకపోతే ఆ సౌష్ఠవాన్ని చెకర్‌కి చెప్పండి, పని బాగా తగ్గుతుంది. కాకపోతే టీఎల్‌సీలో లైవ్‌నెస్ సరిచూసేటప్పుడు సౌష్ఠవం వాడకండి, తప్పు జవాబు రావచ్చు.

మూడు రోబోలకు నెగ్గితే ముప్పైకి నెగ్గినట్టు కాదు. ఎన్ని ఏజెంట్లకైనా వర్తించేలా యంత్రమే తేల్చే సాధారణ పద్ధతి ఉండదని క్రిష్‌టాఫ్ ఆప్ట్, డెక్స్‌టర్ కోజెన్ 1986లోనే నిరూపించారు. అయినా రెండు, మూడు, నాలుగు రోబోలతో నడపడం మానకండి, లోపాల్లో ఎక్కువ భాగం చిన్న సంఖ్యలోనే బయటపడతాయి. ఎన్నింటికైనా పూచీ కావాలంటే ఇన్వేరియంట్, అంటే చేరగల ప్రతి స్థితిలోనూ నిజమయ్యే వాక్యం, రాసి చేత్తోనో నిరూపణ పనిముట్టుతోనో నిరూపించాలి. అది వేరే శ్రమ, కానీ చిన్న సంఖ్యల్లో చెకర్ దగ్గర నెగ్గిన ఇన్వేరియంటుతో మొదలుపెడితే తోవ చాలా సుగమం.

ఎంత లోతుకు వెళ్లవచ్చో చెప్పే ఉదాహరణ ఒకటి ఇస్తాను. అమెజాన్ ఇంజినీర్లు తమ డేటాబేస్ సేవ డైనమోడీబీలో టీఎల్ఏ ప్లస్‌తో పట్టుకున్న ఒక లోపం ట్రేస్ అతి చిన్న రూపమే 35 అడుగులు. మనుషులు కూర్చుని ఊహించగల పొడవు కాదది.

పదో అడుగు: స్పెక్‌ను నడుస్తున్న వ్యవస్థకు కట్టండి

మోడల్ నెగ్గింది, కోడ్ వేరొకరు రాశారు. రెండింటికీ మధ్య దారం వేయకపోతే ఆరు నెలల్లో అవి వేరు దారులు పడతాయి. స్పెక్‌ను కోడ్ ఉన్న రిపాజిటరీలోనే ఉంచండి. ప్రోటోకాల్ మార్చే ప్రతి మార్పుకీ చెకర్ తనంతట తానే నడిచేలా పెట్టండి, రెండు రోబోల మోడల్ క్షణాల్లో ముగుస్తుంది.

రోబోల లాగ్‌లో మోడల్ పేర్లే వాడండి: బయట, జెండా, లోపల, వంతు. అప్పుడు లాగ్‌ను ట్రేస్‌గా చదివి, ప్రతి అడుగూ మోడల్ ఒప్పుకునే అడుగేనా అని ఒక చిన్న ప్రోగ్రాం చూసి చెప్పగలదు. సేఫ్టీ వాక్యాలను నడుస్తున్నప్పుడే గమనించే మానిటర్లుగా మార్చండి, తప్పు జరిగిన అదే స్థితిలో అవి పట్టుకుంటాయి. లైవ్‌నెస్‌ను అలా పట్టుకోలేం, ఇంకా ముందు జరగవచ్చు కదా అన్న సాకు దానికి ఎప్పుడూ ఉంటుంది. దానికి బదులు "ఒక్కసారికి మించి దాటిపోకూడదు" లాంటి లెక్క ఉన్న వాక్యాన్ని మానిటర్‌కి ఇవ్వండి. లాగ్‌లో రెండు రోబోల గడియారాలు కలవవు కాబట్టి, ప్రతి సందేశానికీ వరుస సంఖ్య వేసి, ఆ సంఖ్యల ప్రకారమే అడుగులు పేర్చండి.

మానిటర్ మోగిన రోజు, ముందుగా ఆ లాగ్‌ను మోడల్ మీద నడిపి చూడండి. మోడల్ ఒప్పుకోని అడుగు కనబడితే కోడ్ తప్పింది, కోడ్ సరిచేయండి. అడుగులన్నీ మోడల్ ఒప్పుకున్నవే అయితే స్పెక్‌లోనో దాన్ని నడిపిన తీరులోనో లోపం ఉంది, రెండో అడుగుకి తిరిగి వెళ్లండి. ఆ అడుగునే మోడల్ ఒప్పుకోకపోయినా, గోదాంలో జరిగింది న్యాయమే అనిపిస్తే, మొదట రాసిన కాగితం మీద ఒక నమ్మకం తప్పని తేలినట్టు. దాన్ని కొట్టేసి, తేదీ వేసి, కొత్తది రాసి, చెకర్‌ని మళ్లీ నడపండి.